జెండా లేని దేశానికి రాయబారి: సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు



మన తెలుగువాళ్ల చరిత్ర మీద అప్పుడప్పుడూ రాస్తున్న వ్యాసాల్లో ఇది ఇంకొకటి. కొంచెం పెద్దదే. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. ఇంట్లో తెలుగు చదవడం రాని పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించండి. చివరికి వచ్చేసరికి ఆ మాట ఎందుకన్నామో మీకే తెలుస్తుంది.

మన సంఘాల్లో ఒక అలవాటుంది. ఒక పెద్దమనిషి పేరు వినగానే మొదటి ప్రశ్న "ఆయన మనవాడేనా?" అని. మనవాడని తేలితే పటం కట్టిస్తాం, దండ వేస్తాం, కరపత్రంలో బొమ్మ వేస్తాం. ఆయన ఏం చేశాడన్నది రెండో ప్రశ్న. చాలాసార్లు ఆ రెండో ప్రశ్న దాకా వెళ్లనే వెళ్లం. ఈ రోజు మాట్లాడబోయే మనిషి పేరులో రెడ్డి ఉంది, నాయుడు ఉంది. అందుకని ఆయన ఎవరివాడని తగవు పడడానికి బోలెడంత వీలుంది. ఆ తగవు తీర్చేస్తాం. ఇంటిపేరు కూర్మా. పెట్టిన పేరు వెంకటరెడ్డి. నాయుడు గౌరవంగా చివర చేరిన మాట. ఊరు రాజమహేంద్రవరం. పుట్టింది 1875లో, పోయింది 1942లో. ఇక రెండో ప్రశ్నకు వద్దాం.

ఏలూరులో వకీలుగా పనిచేసిన ఈయన 1929 నుంచి 1932 వరకు దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంట్‌గా ఉన్నారు. ఈ రోజు మాటల్లో చెప్పాలంటే రాయబారి. కాని ఆ రోజుల్లో మన దేశానికి జెండా లేదు, స్వతంత్రం లేదు, విదేశాంగ శాఖ మన చేతిలో లేదు. స్వతంత్రం వచ్చాక దేశం తరఫున బయట కూర్చున్న తెలుగు పెద్దలు మనకు తెలుసు. మన పక్క తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1949లో మాస్కోకు రాయబారిగా వెళ్లారు. కృష్ణా జిల్లా వీరులపాడు నుంచి వచ్చిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు అంతర్జాతీయ సముద్ర న్యాయస్థానానికి అధ్యక్షులయ్యారు. వాళ్ల వెనక ఒక స్వతంత్ర దేశం నిలబడి ఉంది. వెంకటరెడ్డి నాయుడు గారి వెనక ఎవరున్నారు? ఆ పదవి బరువు తెలియాలంటే ముందు ఆ సంగతి తెలియాలి.

పడవలెక్కినవాళ్లు

1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ బయలుదేరింది. నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది ఉన్నారు. నాటాల్ అనే ఆంగ్లేయ వలసలో చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. అయిదేళ్ల ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం, తరువాత ఏడాదికొక షిల్లింగు చొప్పున పెంపు. ఆ 'అగ్రిమెంటు' అన్న మాటే జనం నోట్లో 'గిర్మిట్' అయింది, వెళ్లినవాళ్లు గిర్మిటియాలయ్యారు. 1911లో ఈ రవాణా ఆగేనాటికి అలా వెళ్లినవాళ్లు 1,52,000 మందికి పైనే. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు. ఉత్తర ఆర్కాడు నుంచి, విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్లినవాళ్లు ఎంతోమంది. నేటి చిత్తూరు ప్రాంతం కూడా అప్పటి ఉత్తర ఆర్కాడులోదే. హరూర్ నుంచి ఊత్తంగరై దాటి తూర్పుకు పోతే ఆ జిల్లా పొలిమేర. అంటే ఓడలెక్కినవాళ్లు మనకు ఎక్కడో దూరపు మనుషులు కారు. మన పెళ్లి సంబంధాలు కలిసే ఊళ్లవాళ్లు.

అయిదేళ్ల గడువు తీరాక చాలామంది అక్కడే ఉండిపోయారు. కూరగాయలు పండించారు, అమ్మారు, గనుల్లో, రైల్వేల్లో, హోటళ్లలో పనిచేశారు. చెరకు తోటల యజమానులకు కూలీగా ఉన్న భారతీయుడు కావాలి. తన కాళ్ల మీద నిలబడిన భారతీయుడు వద్దు. అందుకే ఒప్పందం ముగిశాక తిరిగిపోకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా ఉండిపోయినవాళ్ల మీద 1895 చట్టంతో ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. నెలకు పది, పన్నెండు షిల్లింగులు సంపాదించేవాడికి అది కొన్ని నెలల కూలి. ఓటు హక్కు కూడా తీసేశారు. గాంధీగారి సత్యాగ్రహం తరువాత 1914లో ఆ పన్ను పోయింది. మిగతా కష్టాలు పోలేదు. పక్కనున్న ట్రాన్స్‌వాల్‌లో 1885 నుంచే ఒక చట్టం ఉంది. ఆసియా నుంచి వచ్చినవాళ్లు ప్రభుత్వం చూపించిన పేటల్లో తప్ప ఇంకెక్కడా భూమి కొనకూడదు.

1921 లెక్కల నాటికి ఆ దేశంలో భారతీయులు 1,60,000కు పైగా ఉన్నారు. తెల్లవాళ్ల ప్రభుత్వం వాళ్లను 'పరాయివాళ్లు' అనేది, ఎలాగైనా తిరిగి పంపాలన్నది దాని పట్టుదల. వేరు పేటల్లోకి నెట్టే చట్టాలు ఒకదాని వెనక ఒకటి తయారవుతున్నాయి.

ఏజెంట్ పదవి ఎలా పుట్టింది

అప్పుడు ఢిల్లీలో ఉన్నది ఆంగ్ల ప్రభుత్వమే, దక్షిణాఫ్రికాలో ఉన్నది కూడా అదే రాజు పేరు మీద నడిచే ప్రభుత్వమే. ఒకే కిరీటం కింద ఉన్న రెండు ప్రభుత్వాలు. ఒకటి తన దేశంలో తన ఇష్టం వచ్చినట్టు చట్టాలు చేసుకునే తెల్లవాళ్ల డొమీనియన్. రెండోది ఆ హక్కు లేని మన దేశం. ఈ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవడానికి 1926 డిసెంబరులో కేప్‌టౌన్‌లో సమావేశమయ్యారు. మన తరఫు బృందానికి నాయకుడు ఎవరనుకున్నారు? సర్ మహమ్మద్ హబీబుల్లా. వేలూరులో వకీలుగా ఉండి, ఆ ఊరి మునిసిపాలిటీకి చైర్మన్‌గా చేసిన మనిషి.

1927లో కుదిరిన కేప్‌టౌన్ ఒప్పందంలో రెండు ముఖ్యమైన సంగతులున్నాయి. తమ ఇష్టంతో భారతదేశానికి తిరిగి వెళ్లేవాళ్లకు దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఓడ ఖర్చుతో పాటు పెద్దవాళ్లకు 20 పౌండ్లు, పిల్లలకు 10 పౌండ్లు ఇస్తుంది. ఉండిపోయేవాళ్లకు చదువు, ఆరోగ్యం, ఇళ్ల విషయంలో మేలు చేస్తామని మాట ఇస్తుంది. ఈ మాటలు నిలబడుతున్నాయో లేదో చూడడానికి, అక్కడి మనవాళ్ల తరఫున మాట్లాడడానికి భారత ప్రభుత్వం ఒక ఏజెంట్‌ను పంపాలి.

మొదటి ఏజెంట్ వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి గారు. తంజావూరు జిల్లా మనిషి. పెద్దవాడు కాకముందు మన సేలం మునిసిపల్ కాలేజీలో పాఠాలు చెప్పారు. అప్పుడు ధర్మపురి, హరూర్ అన్నీ సేలం జిల్లాలోవే. మన జిల్లా వేరు పడింది 1965లో కదా. శాస్త్రి గారి ఇంగ్లీషు విని తెల్లవాళ్లే నోరు తెరిచేవారట. అంత పేరున్న మనిషి 1929 మొదట్లో పదవి వదిలి వచ్చేస్తే ఆ కుర్చీలో కూర్చోవడానికి వెళ్లినవారు మన వెంకటరెడ్డి నాయుడు గారు.

అప్పటికే ఆయన ఎవరు?

ఆయన జస్టిస్ పార్టీ మనిషి. 1919లో కొత్త రాజ్యాంగ సంస్కరణల గురించి లండన్‌లో పార్లమెంటు సంఘం సాక్ష్యాలు తీసుకుంటోంది. మద్రాసు నుంచి వెళ్లిన డాక్టర్ టి.ఎం. నాయర్ గారు సాక్ష్యం చెప్పకముందే ఆ జూలైలో అక్కడే చనిపోయారు. ఆ స్థితిలో బ్రాహ్మణేతరుల తరఫున సంఘం ముందు నిలబడి వాదన వినిపించిన బృందాన్ని నడిపింది వెంకటరెడ్డి నాయుడు గారే. మరుసటి ఏడాది మద్రాసులో మొదటి మంత్రివర్గం ఏర్పడినప్పుడు ముగ్గురు మంత్రుల్లో ఆయన ఒకరు. సుబ్బరాయలు రెడ్డియార్, పానగల్లు రాజా మిగతా ఇద్దరు. అభివృద్ధి శాఖ ఆయనది.

కాబట్టి దక్షిణాఫ్రికాకు వెళ్లేనాటికి ఆయన చిన్న మనిషి కాదు. మద్రాసులో కారు దిగితే బంట్రోతులు పరుగెత్తి వచ్చే స్థాయి. అక్కడికి వెళ్లాక? అదే మనిషి, అదే 'సర్' బిరుదు. కాని ఆ దేశపు చట్టం కంటికి ఆయన కూడా ఒక 'ఆసియాటిక్'. పదవి ఇచ్చిన మర్యాద పదవికే. ఆయన రంగు మనిషికి ఆ దేశంలో చాలా చోట్ల ఓటు లేదు, ట్రాన్స్‌వాల్‌లో నచ్చిన చోట ఇల్లు కొనే హక్కు లేదు. అలాంటి చోట అలాంటి చట్టాలు చేసేవాళ్ల ఎదుటే కూర్చుని మెత్తగా, గట్టిగా, విసుగు లేకుండా మాట్లాడాలి. చేతిలో సైన్యం లేదు, వ్యాపారం ఆపేస్తామని బెదిరించే వీలు లేదు. ఉన్నదల్లా ఒక ఒప్పంద పత్రం, నోట్లో మాట.

మూడేళ్లలో జరిగింది

ఆయన వెళ్లిన ఏడాదే అక్టోబరులో డర్బన్‌లో శాస్త్రి కాలేజీ తెరిచారు. భారతీయ పిల్లలు హైస్కూలు చదువు చదవడానికి, పంతుళ్లుగా తయారవడానికి పెట్టిన బడి అది. అనుకున్నది శాస్త్రి గారు, డబ్బు పెట్టింది అక్కడి మనవాళ్లు. చెరకు తోటల్లో పనిచేసినవాళ్ల బిడ్డలు, మనవలు చందాలు వేసి కట్టుకున్న బడి. సంఘం నడిపేవాళ్లకు చందా వసూలు ఎంత కష్టమో వేరే చెప్పక్కరలేదు. ఆ బడిలో చదివినవాళ్లే తరువాత పంతుళ్లు, డాక్టర్లు, వకీళ్లు అయ్యారు. వర్ణ వివక్ష మీద పోరాడిన నాయకులు కూడా ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లలో ఉన్నారు.

మరుసటి ఏడాది, 1930 మే నెలలో, పిడుగు పడింది. ట్రాన్స్‌వాల్‌లో భారతీయుల భూమి, దుకాణాల హక్కుల మీద కొత్త బిల్లు వచ్చింది. పాత చట్టంలో సందులు చూసుకుని కంపెనీల పేరు మీద, తెలిసిన తెల్లవాళ్ల పేరు మీద స్థలాలు తీసుకుని వ్యాపారం చేసుకుంటున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సందులన్నీ మూసేసి, భారతీయులందరినీ వేరు పేటల్లోకి నెట్టాలన్నది ఆ బిల్లు ఉద్దేశం. తరాలుగా దుకాణం నడుపుకుంటున్న కుటుంబం ఒక్క చట్టంతో రోడ్డు మీద పడుతుంది.

ఆ బిల్లు వెనక ఉన్న ఆంతరంగిక శాఖ మంత్రి పేరు డి.ఎఫ్. మలాన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 1948లో ప్రధాని అయి 'అపార్థైడ్' అనే వర్ణ వివక్షను దేశపు విధానంగా చేసింది ఈ మలానే. అంటే ఏలూరు వకీలు ఎదుట కూర్చున్నది మామూలు మంత్రి కాదు.

బిల్లును వెంటనే చట్టం చేయకుండా ఆపించడం, రెండు ప్రభుత్వాలు మళ్లీ కూర్చుని మాట్లాడుకునేదాకా వాయిదా వేయించడం ఆ రోజుల్లో మనవాళ్ల ముందున్న పని. అక్కడి భారతీయ కాంగ్రెసు ఆందోళన, ఢిల్లీ ఒత్తిడి, ఏజెంట్ రాయబారం అన్నీ కలిసి పనిచేశాయి. బిల్లు వాయిదా పడింది. 1932 జనవరి, ఫిబ్రవరి నెలల్లో కేప్‌టౌన్‌లో రెండో సమావేశం జరిగింది. మన బృందానికి సర్ ఫజ్లీ హుస్సేన్ నాయకుడు. శాస్త్రి గారు మళ్లీ వెళ్లారు. సరోజినీ నాయుడు గారు వెళ్లారు. 1924లోనే ఆమె అక్కడికి వెళ్లి దక్షిణాఫ్రికా భారతీయ కాంగ్రెసు సభకు అధ్యక్షత వహించి వచ్చారు. ఏజెంట్ హోదాలో వెంకటరెడ్డి నాయుడు గారు కూడా ఆ బల్ల ముందు కూర్చున్నారు. అవతలి పక్షానికి నాయకుడు మలాన్.

గెలుపా, ఓటమా?

పొగడడం కోసమే అయితే ఇక్కడ గెలిచారని రాసి ముగించవచ్చు. చరిత్ర అలా జరగలేదు. ఆ ఏడాదే ట్రాన్స్‌వాల్ ఆసియావాసుల భూమి చట్టం వచ్చింది. మొదటి బిల్లు కన్నా కొంత మెత్తబడింది. అప్పటికే వ్యాపారం చేసుకుంటున్న కొందరికి రక్షణ దొరికింది, ఎవరు ఎక్కడ ఉన్నారో విచారించడానికి న్యాయమూర్తి ఫీథమ్ కింద ఒక కమిషన్ వేశారు. కాని వేరు పేటలు అన్న విషం మాత్రం చట్టంలో ఉండిపోయింది.

అయితే ఆ సమావేశం తరువాత ఏప్రిల్‌లో రెండు ప్రభుత్వాలు కలిసి చేసిన ప్రకటనలో ఒక మాట ఉంది. భారతీయులను తిరిగి పంపే పథకం ఇక దాదాపు అయిపోయినట్టేనని, దక్షిణాఫ్రికాలోని భారతీయుల్లో నూటికి 80 మంది అక్కడే పుట్టినవాళ్లని అందులో ఒప్పుకున్నారు. చదివితే లెక్కల మాటలా ఉంటుంది. కాని యాభై ఏళ్లుగా 'మీ దేశానికి మీరు పొండి' అంటున్న ప్రభుత్వం చేత, మలాన్ లాంటివాడి చేత, 'వీళ్లు ఇక్కడ పుట్టినవాళ్లు' అని సంతకం పెట్టించడం చిన్న పని కాదు. అక్కడే ఇంకో మెలిక కూడా పెట్టారు. భారతదేశానికి పంపలేకపోతే ఇంకేదైనా దేశంలో వీళ్లను స్థిరపరచవచ్చేమో చూద్దామన్నారు. దాని మీద అక్కడి మనవాళ్లు రెండుగా చీలి, 1933లో వేరు సంఘమే పెట్టుకున్నారు. ఏజెంట్లు ప్రభుత్వం మాట వినమంటారు, మెత్తగా పొమ్మంటారు అని యువకుల్లో కోపం ఉండేది. ఆ కోపంలో న్యాయం ఉంది. ఏజెంట్‌కు జీతమిచ్చింది బ్రిటిష్ ప్రభుత్వమే. ఆయన గీత దాటి మాట్లాడలేడు.

ఈ పథకం కింద తిరిగి వచ్చినవాళ్ల గతి చూస్తే ఆ ఒప్పుకోలు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. 20 పౌండ్లు చేతిలో పెట్టుకుని మద్రాసులో దిగినవాళ్లకు ఊళ్లో భూమి లేదు. సముద్రం దాటినవాళ్లని, కులం కాని కులంలో పెళ్లాడారని బంధువులు గడప తొక్కనివ్వలేదు. పిల్లలు అక్కడ పుట్టినవాళ్లు, ఇక్కడి ఎండ, నీళ్లు పడలేదు. చేతిలో డబ్బు అయిపోయాక మద్రాసు మురికివాడల్లో చేరారు. మూడేళ్లు దాటితే అక్కడి నివాస హక్కు పోతుంది కనుక తిరిగి వెళ్లే దారి కూడా మూసుకుపోయింది. 1931లో భవానీ దయాళ్ సన్యాసి గారు తిరిగి వచ్చిన వీళ్ల స్థితి మీద ఒక నివేదిక అచ్చు వేయించి దేశానికి చెప్పారు. 'సొంత ఊరు' అంటూ పంపిన చోట వాళ్లకు ఊరే లేకుండా పోయింది.

1931: ఒక సంఘం పుట్టింది

ఇక మన సంఘం సభ్యులు ప్రత్యేకంగా తెలుసుకోవలసిన సంగతి. వెంకటరెడ్డి నాయుడు గారు ఏజెంట్‌గా ఉన్న రోజుల్లోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. అప్పటికి మొదటి ఓడ దిగి డెబ్భై ఏళ్లు. మూడో తరం పెరుగుతోంది. ఇంట్లో తెలుగు ఉంది, బడిలో లేదు. తమిళులు ఎక్కువ, తెలుగువాళ్లు తక్కువ. బయటివాళ్లకు అందరూ 'మద్రాసీలు'. అలాంటి చోట తెలుగువాళ్లు ఒక చోట చేరి, మన భాష పిల్లలకు నేర్పుకోవాలి, పండుగలు నిలుపుకోవాలి అనుకున్నారు. రేపు ఏ చట్టం వస్తుందో తెలియనివాళ్లు ముందు చేసిన పనుల్లో ఒకటి అక్షరాలు నేర్పే పని.

ఆ సభ ఇప్పటికీ ఉంది. అక్కడి 'నాయుడూ'లు పేరు చివర రెండు 'ఓ'లు పెట్టి రాసుకుంటారు. చాలామందికి తెలుగు ధారాళంగా రాదు. కాని పెళ్లిలో, చావులో, ఉగాదిలో తెలుగు వినబడుతుంది. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం తీసి చూడండి. ప్రోత్సహించి గౌరవించవలసిన భాషల పట్టికలో తమిళం, హిందీ, గుజరాతీ, ఉర్దూతో పాటు తెలుగు పేరు కూడా ఉంది. చెరకు తోటల కూలీలు మోసుకెళ్లిన భాషకు ఇంకో ఖండపు రాజ్యాంగంలో చోటు దొరికింది. ఎవరో పెద్దమనిషి ఒక్కడే ఇప్పించింది కాదు అది. నాలుగైదు తరాల అమ్మలు, అమ్మమ్మలు, సంఘాలవాళ్లు నిలుపుకున్నందుకు వచ్చింది.

తిరిగి వచ్చాక

1932లో ఏజెంట్ పదవి ముగించుకుని వెంకటరెడ్డి నాయుడు గారు మద్రాసు వచ్చారు. గవర్నర్ కార్యనిర్వాహక సభలో చేరారు. 1936లో లార్డ్ ఎర్స్‌కిన్ సెలవులో ఉన్నప్పుడు జూన్ నుంచి అక్టోబరు 1 దాకా తాత్కాలిక గవర్నర్‌గా పనిచేశారు. రెండేళ్ల ముందు మహమ్మద్ ఉస్మాన్ సాహెబ్ ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ తరువాత ఆ కుర్చీ ఎక్కిన భారతీయుడు ఈయనే.

1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలో 215 స్థానాల్లో 159 కాంగ్రెసుకు వచ్చాయి. కాని గవర్నర్ అడ్డు తగలనని హామీ ఇస్తే తప్ప పదవులు తీసుకోమని కాంగ్రెసు పట్టుబట్టింది. ఆ ఖాళీలో ఏప్రిల్ 1న మెజారిటీ లేని ఒక ప్రభుత్వం ఏర్పడింది. దానికి ప్రధానమంత్రి వెంకటరెడ్డి నాయుడు గారు. జూలై 14న దిగిపోయి రాజాజీకి అప్పగించారు. మన పాత సేలం జిల్లా హోసూరు తాలూకా తొరపల్లిలో పుట్టిన రాజాజీ. 1930లో ఈయన దక్షిణాఫ్రికాలో బిల్లు ఆపడానికి తిరుగుతున్నప్పుడు, ఆయన వేదారణ్యంలో ఉప్పు తీసి జైలుకు పోయారు. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం. ఒకరు ప్రభుత్వం లోపల ఉండి మాట్లాడారు, ఇంకొకరు ప్రభుత్వాన్ని ఎదిరించి నిలబడ్డారు. చరిత్ర రెండోవారి వైపు నిలబడింది. నిలబడవలసిందే. వెంకటరెడ్డి నాయుడు గారిని జనం మరిచిపోవడానికి ముఖ్య కారణం కూడా ఆ నూరు రోజుల ప్రభుత్వమే. తెల్లవాడి కీలుబొమ్మ అన్న పేరు పడింది.

ఆఖరి ఉద్యోగం చిదంబరంలో. 1940లో అణ్ణామలై విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్‌గా శ్రీనివాస శాస్త్రి గారు దిగిపోతే ఆ స్థానంలోకి వచ్చింది మళ్లీ ఈయనే. దక్షిణాఫ్రికాలోనూ శాస్త్రి గారి తరువాత ఈయన, చిదంబరంలోనూ అంతే. 1942లో చనిపోయారు. ఆయన కూర్చున్న ఏజెంట్ పదవి 1941లో హైకమిషనర్ పదవి అయింది. 1946లో దక్షిణాఫ్రికా ఇంకో భూమి చట్టం తెచ్చినప్పుడు మన దేశం ఆ హైకమిషనర్‌ను వెనక్కి పిలిచింది. ఆ సంగతిని ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది. మాటతో ఆపలేమని తేలాక తలుపు మూసింది. మళ్లీ తెరిచింది 1993లో, మండేలా జైలు నుంచి వచ్చాక.

హరూర్‌లో కూర్చుని ఇది ఎందుకు చదవాలి?

మనల్ని కూడా అడుగుతుంటారు కదా: "మీరు తెలుగువాళ్లు, ఆంధ్రాలో ఏ ఊరు?" అని. ఏ ఊరని చెబుతాం? మన తాతలకు తాతలు విజయనగర కాలంలోనో, నాయక రాజుల కాలంలోనో ఈ గడ్డ మీదికి వచ్చారు. తీర్థమలై గుడి మెట్లు ఎక్కినవాళ్లు, మొరప్పూరు స్టేషన్‌లో రైలెక్కినవాళ్లు, ఈ నేలలో మట్టి అయినవాళ్లు వాళ్లు. తమిళం మనకు పరాయి భాష కాదు. అది మన వీధి భాష, మన స్నేహితుల భాష, మన పిల్లల బడి భాష. తెలుగు మన ఇంటి భాష. రెండూ మనవే. 'మీ ఊరు ఎక్కడ' అంటే జవాబు హరూర్. ఆ జవాబు తల ఎత్తుకుని చెప్పడానికి మనకు చట్టం అడ్డు లేదు. దక్షిణాఫ్రికాలో ఉన్న మనవాళ్లకు అదే జవాబు చెప్పడానికి అన్నేళ్లు పట్టింది, అన్ని సమావేశాలు పట్టాయి.

మరి వాళ్లు తక్కువ వీలున్న చోట చేసిన పనిని మనం ఎక్కువ వీలున్న చోట చేస్తున్నామా? తమిళం అందరూ తప్పనిసరిగా చదవాలన్న 2006 నాటి చట్టం తరువాత బడిలో తెలుగు నేర్చుకునే పిల్లలు ఇంకా తగ్గారు. తమిళం నేర్చుకోవడం మంచిదే, నేర్చుకోవాలి. కాని బడిలో పోయింది ఇంట్లో నిలబెట్టుకునే బాధ్యత ఎవరిది? మన ఇళ్లల్లో ముప్పై ఏళ్ల లోపువాళ్లలో తెలుగు చదవగలిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మాట్లాడతారు, చదవలేరు. పెళ్లి శుభలేఖ మీద తెలుగులో అచ్చు వేయిస్తాం, వేయించినవాళ్లే చదవలేరు.

వెంకటరెడ్డి నాయుడు గారిని గౌరవించాలంటే సంఘం హాల్లో పటం పెట్టడం ఒక పద్ధతి. పెడదాం, తప్పు లేదు. ఆయన కులం ఏమిటని పటం కింద రాయక్కరలేదు. ఆయన మాట్లాడింది తన కులం కోసం కాదు. ఆయన కాపాడాలని చూసినవాళ్లలో తెలుగువాళ్లున్నారు, తమిళులున్నారు, బిహారు నుంచి వెళ్లినవాళ్లున్నారు, గుజరాతీ ముస్లిం వ్యాపారులున్నారు. అంతా గెలిచారని కూడా రాయక్కరలేదు. గెలవడానికి తగినంత బలం లేని చోటికి వెళ్లి, చేతిలో ఉన్న ఒక్క మాటతోనే మూడేళ్లు పనిచేశారు. అది రాస్తే చాలు.

ఇంకా రెండు పనులు చేద్దామని మా మనవి. ఒకటి, ప్రతి ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల దగ్గర కూర్చుని మన వంశం ఎప్పుడు, ఏ దారిన ఈ ఊరు చేరిందో, ఇంటిపేరు ఎలా వచ్చిందో, మన తాతల్లో ఎవరైనా రంగూను, సిలోను, మలయా, నాటాలు వెళ్లారా అన్నది ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ లిపిలో రాసినా సరే. వాళ్లు వెళ్లిపోయాక అడగడానికి మనిషి ఉండడు. రెండు, ఆదివారం పూట ఒక గంట, సంఘం హాల్లో పిల్లలకు అ ఆలు. పంతులు గారు దొరికేదాకా ఆగవద్దు. తెలుగు చదవడం వచ్చిన ఏ అత్తమ్మ అయినా, ఏ తాతయ్య అయినా ఒక పలక పట్టుకుని కూర్చుంటే చాలు.

ఈ వ్యాసం ఎవరైనా పిల్లలకు చదివి వినిపిస్తూ ఉంటే, చివరి వాక్యం దగ్గర ఆగి ఒక్క అక్షరం గుర్తుపట్టించండి. ఈ రోజుకు 'అ' చాలు.